మాటలు నాలుగు, కూర్చోవడం ఇరవై నిమిషాలు

నేను నాటకాల్లో చేరింది కళ మీద ప్రేమతో కాదు. స్టడీ అవర్ ఎగ్గొట్టడానికి.

2023లో నాది తొమ్మిదో తరగతి. గుంటూరులో మా ఇల్లు చుట్టుగుంట దగ్గర. గాలి ఇటు తిరిగిందంటే మిర్చి యార్డు ఘాటు మా వంటింట్లోకి వచ్చేస్తుంది. మాది ఆడపిల్లల హైస్కూలు. నాలుగున్నరకు లాంగ్ బెల్ కొట్టినా తొమ్మిది, పది తరగతుల వాళ్లం ఇంటికి బయల్దేరేది ఆరింటికే. ఆ గంటన్నరా స్టడీ అవర్. చదివేది తక్కువ, చదువుతున్నట్టు పెదవులు ఆడించేది ఎక్కువ. (ఈ పెదవులాడించే విద్య తర్వాత నా కొంప ముంచింది. చెబుతాను.)

దసరా సెలవులయ్యాక ఒకరోజు ప్రార్థనలో తెలుగు సార్ మైకు తీసుకున్నారు. స్కూల్లో నాటక క్లబ్ పెడుతున్నామని, వార్షికోత్సవానికి ఒక నాటిక వేస్తామని, ఇష్టమున్నవాళ్లు సాయంత్రం ఎనిమిదో తరగతి గదికి రావాలని చెప్పారు. చివర్లో "వచ్చేవాళ్లకు స్టడీ అవర్ ఉండదు" అన్నారు. ఆ ఒక్క మాటకు ముప్పై నాలుగు మంది వెళ్లాం. రెండు వారాలకు పద్నాలుగు మంది మిగిలాం.

సార్‌కు నాటకాల పిచ్చి అని స్కూలంతా తెలుసు. శని, ఆదివారాల్లో ఏదో ఒక ఊళ్లో పరిషత్తు నాటకాలకు వెళ్లేవారు. సోమవారం మొదటి పీరియడ్‌కి కళ్ల కింద కాటుక పూర్తిగా పోకుండానే వచ్చి సంధులు చెప్పేవారు. వెనక బెంచీల్లో మేము నవ్వుకునేవాళ్లం. మొహానికి వేసిన రంగు ఎంత మొండిదో, కొబ్బరినూనెతో ఎంతసేపు తుడవాలో నాకు తర్వాత తెలిసొచ్చింది.

మొదటి రోజు కోసం నేను ఇంట్లో అద్దం ముందు ఒక సినిమా డైలాగు తెగ ప్రాక్టీసు చేశాను. చెయ్యెత్తడం, కళ్లు పెద్దవి చేయడం, చివర్లో ఒక వెటకారపు నవ్వు. సార్ ఎవరినీ డైలాగు అడగలేదు. ఒక్కొక్కరినీ తలుపు దగ్గర నుంచి నల్లబల్ల దాకా నడవమన్నారు, అంతే. నడవడమేగా అనుకుంటాం. ముప్పై మంది మనల్నే చూస్తుంటే మన కాళ్లు మనవి కావు. నాకైతే కుడికాలుతో పాటు కుడిచెయ్యే ముందుకొచ్చింది. అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు, ఏదో రాసుకున్నారు. ఆ రాసుకోవడానికే నాకు ఎక్కువ టెన్షన్ వచ్చింది.

తర్వాత ఆ రోజు పేపరు చేతికిచ్చి వాతావరణ వార్త చదవమన్నారు. ఆయన వెళ్లి చివరి బెంచీ వెనక నిలబడ్డారు. వినపడలేదు, గట్టిగా చదువు అని ఒక్కసారి కూడా అనలేదు. చదవడం అవగానే "ఇంతకీ వాన పడుద్దా, పడదా?" అని అడిగేవారు. చదివినవాళ్లు తెల్లమొహం వేస్తే మళ్లీ మొదటి నుంచి. గొంతు పెంచడం కన్నా ముందు, చదివేది ఏమిటో మాకు తెలియాలని ఆయన పట్టుదల.

ఇంకో మాట కూడా ఆ రోజే చెప్పారు. నాకది ఇప్పటికీ పనికొస్తుంది, ఫోన్లో మాట్లాడేటప్పుడు కూడా. తెలుగులో అసలు సంగతంతా వాక్యం తోకలో ఉంటుందట. 'వస్తాడు', 'వస్తాడా', 'వస్తాడే' అనే మూడింటిలో తోక మింగేస్తే మూడూ ఒకటే. మనకేమో వాక్యం చివరికి వచ్చేసరికి ఊపిరి అయిపోతుంది, తోక గొంతులోనే ఉండిపోతుంది. "మీ ఇంట్లో మాట్లాడే మాటే మాట్లాడండమ్మా, దాన్ని దిద్దను. కానీ ఆఖరి అక్షరం దాకా మాట్లాడండి" అన్నారు. ఒత్తులు పలకని ఒక అమ్మాయిని మాత్రం 'బాధ, భారం, ఖర్చు' అని వారం రోజులు అనిపించారు. ఆ పిల్ల ఆ వారం రోజులూ క్యాంటీన్‌లో కూడా "ఎంత ఖర్చు?" అని గట్టిగా ఒత్తి అడిగేది.

నాటిక సారే రాశారు. పల్నాడులో మిరప రైతు కుటుంబం. కోతల రోజులొచ్చాయి, కూలీలు దొరకడం లేదు, ఎనిమిదో తరగతి చదివే కూతురిని బడి మాన్పించి చేలోకి తీసుకెళ్దామని తండ్రి. బడి పంతులు వచ్చి బతిమాలతాడు. తండ్రి వినడు. ఈలోపు కాయలమ్మిన లెక్క చీటీ (దాన్నే తక్‌పట్టీ అంటారు) కూతురు చదివితే తూకం దగ్గర రెండు టిక్కీలు, అంటే రెండు మిరప బస్తాలు, తేడా కనిపిస్తుంది. కథ అంతే. యార్డులో కమీషన్ కొట్టు గుమస్తాగా పనిచేసే మా నాన్నకు చెబితే మొహం ముడుచుకున్నాడు. "మా కొట్లో ఇట్టాంటివి జరగవు, మీ సారుకి చెప్పు" అన్నాడు. నేను చెప్పలేదు.

పాత్రలు పంచిన రోజు నాకు బాగా గుర్తుంది. కూతురు, తండ్రి, తల్లి, పంతులు, కొట్టు షావుకారు, పక్కింటామె. అన్నీ అయిపోయాక సార్ నా వైపు చూసి "నువ్వు నాయనమ్మ" అన్నారు. స్క్రిప్టు జిరాక్సు చేతికి రాగానే అందరూ చేసిన పనే నేనూ చేశాను, నా డైలాగులు లెక్కపెట్టుకున్నాను. కూతురికి నలభై ఏడు. తండ్రికి యాభై దాటాయి. నాకు నాలుగు. అవి కూడా చిన్నవే.

"ఎండెక్కకముందే ఈ బస్తా తెమలాలిరా."

"పిల్ల అన్నం తిన్నదా?"

"మీ అయ్య కూడా ఇట్టాగే అన్నాడు."

"ఆ చీటీ ఇంకోసారి చదువమ్మా."

అంతే నా పోర్షన్. ఇంటికెళ్లి అన్నం తినకుండా పడుకున్నాను. అమ్మ ఏమైందని అడిగితే చెప్పాను. నాన్న పక్క గదిలోంచి "నాలుగేగా, తొందరగా అయిపోద్ది" అన్నాడు, ఓదార్చాననుకుని.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. డైలాగులు నాలుగే కానీ, తెర లేచినప్పటి నుంచి దాదాపు చివరి దాకా నాయనమ్మ వేదిక మీదే ఉంటుంది. ఓ మూల కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తుంటుంది. వాచీ పెట్టి చూస్తే ఇరవై నిమిషాల పైనే. మాట్లాడేది మొత్తం కలిపి అర నిమిషం. మిగతా సమయమంతా ఏం చేయాలో స్క్రిప్టులో ఒక్క ముక్క రాసి లేదు.

మొదటి నాలుగు రోజులు చదివింపే. గుండ్రంగా కూర్చుని ఎవరి డైలాగు వాళ్లు చదవడం. నటించొద్దని సార్ ముందే చెప్పారు. ఏడ్చే చోట ఏడుపు గొంతు పెట్టినవాళ్లను ఆపేసేవారు. ఇది నాకు చాలా బోరు కొట్టింది, దాచుకోవడం ఎందుకు. నా వంతు వచ్చేసరికి పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాల్లో నాకు అందరి డైలాగులూ వచ్చేశాయి.

తర్వాత లేచి నిలబడ్డాం. సార్ సుద్దముక్కతో గచ్చు మీద పెద్ద గీత గీసి ఇది స్టేజీ అంచు అన్నారు. బెంచీ నిలువుగా పెడితే గుమ్మం, స్టూలు వేస్తే మంచం. ఎవరు ఎటు నుంచి ఎంట్రీ, ఏ మాట దగ్గర ఎన్ని అడుగులు, ఎటు ఎగ్జిట్, అన్నీ పెన్సిలుతో స్క్రిప్టు పక్కన రాసుకోమన్నారు. ఒకరి ముందు ఒకరు వచ్చి అడ్డం నిలబడితే మాస్కింగ్ అంటారని, జనానికి వీపు పెట్టి మాట్లాడితే మాట గోడకే వినిపిస్తుందని అప్పుడే తెలిసింది. తండ్రి వేషం వేసే అమ్మాయికి కోపం వస్తే చాలు గిరుక్కున వెనక్కి తిరిగేది. ఆ అలవాటు మానడానికి ఆమెకు నెల పట్టింది.

నా సంగతికొస్తే, కూర్చున్నాను. అంతే, కూర్చున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుంటే గ్రూప్ ఫొటోకి కూర్చున్నట్టుంది. జడ సవరించుకుంటే నాయనమ్మ కాదు, నేనే. మాట్లాడేవాళ్ల వైపు మార్చి మార్చి చూస్తే టెన్నిస్ ఆట చూస్తున్నట్టుందని పంతులు వేషం అమ్మాయి వెక్కిరించింది. మూడో రోజు సార్ చప్పట్లు కొట్టి రిహార్సల్ ఆపేశారు.

"ఏమ్మా, నీ నోట్లో ఇంకో నాటిక నడుస్తోందేంటి?"

నాకు అర్థం కాలేదు. పక్కనున్నవాళ్లు చెప్పారు. తండ్రి మాట్లాడితే తండ్రి డైలాగు, కూతురు మాట్లాడితే కూతురి డైలాగు, నా పెదవులు లోలోపల అనేస్తున్నాయట. స్టడీ అవర్ మహిమ. నోరు బిగించాను. అప్పుడు గడ్డం కదిలింది. గడ్డం ఆపితే తల ఊగింది.

సార్ విసుక్కోలేదు. "ఆ ముసలావిడకు వాళ్ల గొడవ వినడం పని కాదమ్మా. కాయలు బాగుచేయడం పని. వింటూ పనిచేయడం లేదు ఆవిడ, పనిచేస్తుంటే వినపడుతోంది. ఆ పని ఎట్టా చేస్తారో చూసిరా పో" అన్నారు.

చూసిరావడానికి నేనెక్కడికీ వెళ్లనక్కర్లేదు. మా నాయనమ్మ ఏళ్ల తరబడి చేసిన పనే అది. ఏటుకూరు రోడ్డు వైపు కోల్డ్ స్టోరేజీల్లో, యార్డు చుట్టుపక్కల షెడ్లలో కిలోల లెక్కన తొడిమలు తీసింది. మోకాళ్లు పట్టేశాక మానేసింది. ఆ పని గురించి నేను ఎప్పుడూ అడగలేదు. ఆమె చెప్పలేదు కూడా, చెప్పేదేముంది అందులో అన్నట్టు.

నాన్న ఒక సంచీలో రెండు కిలోల కాయలు తెచ్చాడు. వరండాలో పాత చీర పరిచి ఆమె ముందు కూర్చున్నాను. మొదట నోటికీ ముక్కుకూ గుడ్డ కట్టుకుంది. చేటను కుడిపక్కకు లాక్కుంది. ఎడమచేత్తో గుప్పెడు కాయలు, కుడి బొటనవేలు, చూపుడువేలు మధ్య తొడిమ. తుంచడం కాదు, గోరు ఆనించి చిన్నగా మడవడం. టక్కున ఊడొస్తుంది. తుంచితే కాయ మూతి పగిలి గింజలు రాలిపోతాయి, రాలితే తూకం తగ్గుద్దని షావుకారు తిడతాడు. తొడిమ ఎడమపక్కకు, కాయ చేటలోకి, తెల్లగా పాలిపోయిన తాలు కాయ వెనక్కి. ఇదంతా ఆమె చూడకుండా చేస్తోంది. కళ్లు గేటు దగ్గర కుక్క మీద ఉన్నాయి. వేళ్లే చూస్తున్నాయి తాలు ఏదో, మంచి కాయ ఏదో.

నేను మొదలుపెడితే ఐదు నిమిషాలకు గోరు కింద మంట. కొబ్బరినూనె రాయించింది. "మొదటి వారం అందరికీ అంతే. తర్వాత వేళ్లకు తెలియదు" అంది.

నాకు కావాల్సింది వేరే. "నాయనమ్మా, పక్కన ఎవరైనా మాట్లాడుతుంటే చెయ్యి ఆపి వింటావా?" అని అడిగాను.

"ఆపితే కూలి ఎవడిస్తాడే?"

"మరి ఎప్పుడూ ఆపవా?"

కాసేపు ఏమీ అనలేదు. చెయ్యి నడుస్తూనే ఉంది. "మీ తాతకు బాగాలేదని షెడ్డుకి కబురొచ్చినప్పుడు ఆపా" అంది. తర్వాత ఇంకో గుప్పెడు తీసుకుంది.

మర్నాడు రిహార్సల్‌లో సార్‌కు ఈ మాట చెప్పాను. ఆయన స్క్రిప్టు తెరిచి, కూతురు తక్‌పట్టీ చదివే చోట మార్జిన్‌లో పెన్సిలుతో 'చెయ్యి ఆగుతుంది' అని రాశారు. అప్పటిదాకా, ఎవరు అరిచినా ఎవరు ఏడ్చినా, నా చెయ్యి ఆగకూడదు. అక్కడ ఒక్కచోటే ఆగాలి. ఆగాక మూడు లెక్కపెట్టి నాలుగో డైలాగు. ఇది రాసుకున్నాక నాకు నాలుగు డైలాగుల బాధ పోయింది. నిజం చెప్పాలంటే కొంచెం పొగరు కూడా వచ్చింది. నలభై ఏడు డైలాగుల కూతురి మాట జనానికి ఎక్కాలంటే నా చెయ్యి ఆగాలి మరి.

డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుఫాను. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. స్కూళ్లకు సెలవులిచ్చారు. చేలల్లో మిరప నీళ్లలో నిలబడింది. మా నాటికలో తండ్రి "ఈసారి కాపు బాగుంది" అనే డైలాగు ఒకటుండేది. సెలవులయ్యాక సార్ దాన్ని కొట్టేశారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

అదే నెల చివరి వారంలో గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో నంది నాటకోత్సవాలు జరిగాయి. ఒక ఆదివారం సార్ మమ్మల్ని ఆటోల్లో తీసుకెళ్లారు. అప్పటిదాకా నేను చూసిన నాటకం అంటే టీవీలో అమ్మమ్మ పెట్టుకునే పద్యాలే. దారిలో సార్ చెప్పిన కబుర్లలో రెండు గుర్తున్నాయి. ఇక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలోని తెనాలిలో 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిందనేది ఒకటి. రెండోది బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారి సంగతి. ఆడవేషాలకే పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారట. చీర కుచ్చెళ్లు ఎలా కట్టాలో ఆయన్ని చూసి ఆడవాళ్లు నేర్చుకునేవారని కూడా చెప్పుకుంటారట. "అప్పుడు మగవాళ్లు ఆడవేషాలు. ఇప్పుడు మీరు మీసాలు పెట్టండి, లెక్క సరిపోతుంది" అన్నారు సార్. మా తండ్రి వేషం అమ్మాయి అప్పటి నుంచి ఆటోలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

ఆ రోజు చూసిన వాటిలో కథలు ఇప్పుడు పెద్దగా గుర్తులేవు. స్టేజీ మీద పై నుంచి మైకులు వేలాడుతుంటే, నటులు వాటి కిందకు వచ్చి మాట్లాడుతున్నట్టు కనిపించకుండానే వచ్చి మాట్లాడటం చూశాను. ఇంకా ఒక సన్నివేశంలో, ముందు ఇద్దరు గొడవపడుతుంటే వెనక ఒకాయన మంచం మీద కూర్చుని చొక్కా గుండీ కుట్టుకుంటున్నాడు. అందరూ గొడవ చూస్తున్నారు. నేను ఆయన సూదినే చూశాను. దారం పంటితో తెంపాడు, సరిగ్గా వాళ్లిద్దరి మాటలు తెగిన చోట. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు దానికి. నేను మా సార్ వైపు చూశాను. ఆయన అప్పటికే నా వైపు చూస్తున్నారు.

జనవరిలో, సంక్రాంతి సెలవులయ్యాక, నిజం మిరపకాయలతో రిహార్సల్ చేద్దామన్న గొప్ప ఆలోచన నాదే. అప్పటిదాకా చింతపండు పిక్కలతో, కాగితం ముక్కలతో నెట్టుకొచ్చాం. నేను ఇంట్లో మిగిలిన తేజ రకం కాయలు చేటలో పోసి తెచ్చాను. తేజ అంటే ఏమిటో గుంటూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. గది కిటికీలు మూసి ఉన్నాయి, ఫ్యాను తిరుగుతోంది. మొదటి సీను సగంలోనే తల్లికి తుమ్ములు. పంతులు గుమ్మంలోకి వచ్చి "అమ్మా, మీ అమ్మాయి..." అని దగ్గు అందుకుంది. కూతురు ఏడవాల్సిన సీను కన్నా రెండు సీన్ల ముందే ఏడ్చేసింది. పక్క గదిలో స్టడీ అవర్ మొత్తం బయటికి పరిగెత్తింది. హెడ్మిస్ట్రెస్ మేడం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి, ఎవరిదీ పని అని అడిగారు. నాయనమ్మదండీ అన్నారు అందరూ ఏకకంఠంగా.

విషయం విని మా నాన్న పడీపడీ నవ్వాడు. ఘాటు తొడిమ తీయడంలో లేదు, రాలిన గింజల్లో, దుమ్ములో ఉందన్నాడు. బ్యాడిగి రకం కాయలు తెచ్చిచ్చాడు, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. వాటిని ఎండలో దులిపి, పగిలినవి ఏరేసి, గింజ రాలని కాయలే పట్టుకెళ్లాం. ఫ్యాను మాత్రం మళ్లీ వేయలేదు.

ఇంకో సమస్య మైకు. షామియానా సప్లై వాళ్ల దగ్గర నిలబెట్టే మైకులు రెండే ఉన్నాయి. నేనేమో నేల మీద కూర్చునే మనిషిని, నా గొంతు వాటికి అందదు. సార్ ఒక చిన్న మైకును చేట వెనక, గోనెసంచీ మడతలో దాచారు. దాంతో నా మాట వినిపించింది కానీ, ఎండు కాయల గలగల కూడా వినిపించింది. స్పీకర్లలోంచి అది వాన పడుతున్నట్టుంది. మైకు తీసేద్దామా అని సప్లై కుర్రాడు అడిగాడు. ఉంచమన్నారు సార్. చెయ్యి ఆగితే వాన ఆగుతుంది, ఇంకేం కావాలి అన్నారు.

ఫిబ్రవరిలో వార్షికోత్సవం. మధ్యాహ్నం రెండింటికే గ్రీన్ రూమ్‌లో కూర్చోబెట్టారు. గ్రీన్ రూమ్ అంటే సైన్సు ల్యాబే, అస్థిపంజరం పక్కన మేకప్ పెట్టె. సార్ స్నేహితుడు ఒకాయన మేకప్‌కి వచ్చారు. తండ్రికి స్పిరిట్ గమ్‌తో మీసం అతికించారు. ఆ పిల్ల ఆ తర్వాత రెండు గంటలు నవ్వలేదు, ఊడిపోతుందని. నా వంతు వచ్చినప్పుడు "మొహం చిట్లించమ్మా" అన్నారు. చిట్లిస్తే ఎక్కడ గీతలు పడ్డాయో సరిగ్గా అక్కడే పెన్సిలుతో గీశారు. "ఇవి నేను గీసినవి కాదు. నీకు రాబోయేవే" అన్నారు. జుట్టుకు జింక్ పౌడరు, ఒంటికి మా నాయనమ్మ మంగళగిరి నేత చీర. అద్దంలో చూసుకుంటే మా మేనత్తలా ఉన్నాను. ఇంట్లో ఈ మాట చెప్పొద్దని అమ్మకు ముందే చెప్పాను.

తెర లేచేముందు కడుపులో తిప్పింది. చేతులు చల్లబడ్డాయి. చేతులు చల్లబడితే తొడిమ తీయడం రాదని నాకు ముందు తెలియదు. మొదటి పది కాయలూ తుంచేశాను, గింజలు రాలాయి. తర్వాత వేళ్లు దారిలో పడ్డాయి. "ఎండెక్కకముందే ఈ బస్తా తెమలాలిరా" అన్నాను, ఆఖరి అక్షరం దాకా. స్పీకర్లోంచి నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

రెండో డైలాగు కూడా బాగానే వెళ్లింది. మూడోది మర్చిపోయాను.

ఉన్నదే నాలుగు. అందులో ఒకటి. మర్చిపోయానని కూడా నాకు తెలియదు, ఎందుకంటే ఆ సమయానికి నేను మిరపకాయల్లో ఉన్నాను. చేటలో తాలు ఎక్కువైంది, ఏరుతున్నాను. ఎవరూ ఏమీ మాట్లాడటం లేదేమిటి అనుకున్నాను. సైడ్ వింగ్‌లోంచి ప్రాంప్టింగ్ చెప్పే అమ్మాయి "మీ అయ్య కూడా" అని గుసగుసలాడింది. కాయల గలగలలో అది నా చెవిన పడలేదు. ఇంకొంచెం గట్టిగా అంది. మొదటి మూడు వరుసలకు వినిపించింది, నాకు తప్ప. అప్పుడు తండ్రి, ఆ మీసం అమ్మాయి, రెండడుగులు నా దగ్గరికి వచ్చి, "ఏందమ్మా, అయ్య గుర్తొచ్చాడా? ఆయన కూడా ఇట్టాగే అనేవాడుగా" అంది. నేను తలెత్తి చూశాను. నిజంగానే ఉలిక్కిపడ్డాను. తల ఊపాను, మళ్లీ కాయలు అందుకున్నాను. అదంతా స్క్రిప్టులోదే అనుకున్నారు జనం. ఆ అమ్మాయికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ఇంటర్‌లో కూడా మేమిద్దరం ఒకే కాలేజీ, ఆమెకు నెలకోసారి పునుగులు కొనిపెట్టాలనే ఒప్పందం నడుస్తోంది.

కూతురు తక్‌పట్టీ తీసింది. చదివింది. రెండు టిక్కీల తేడా దగ్గరికి వచ్చింది. చెయ్యి ఆపాను.

వాన ఆగినట్టు స్పీకర్లు ఆగాయి. ఒకటి, రెండు. మూడు లెక్కపెట్టాలి. అంత నిశ్శబ్దం ఆ మైదానంలో నేను ప్రార్థనలో కూడా వినలేదు. వెనకెక్కడో ఐస్‌బండి గంట వినిపించింది. మూడు.

"ఆ చీటీ ఇంకోసారి చదువమ్మా."

తర్వాత ఏం జరిగిందో నాకు వరుసగా గుర్తులేదు. చప్పట్లు వచ్చాయి, తెర సగంలో ఇరుక్కుపోతే ఇద్దరు సీనియర్లు పట్టుకుని లాగారు. ల్యాబ్‌లోకి వచ్చాక అందరూ అందరినీ కౌగిలించుకున్నారు. జింక్ పౌడరంతా కూతురి గౌనుకు అంటింది. సార్ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి ఏదో ఒకటి చెప్పారు. నా దగ్గరికి వచ్చి "రెండో డైలాగు తొందరపడ్డావు" అన్నారు. మూడోదాని ఊసెత్తలేదు.

మరుసటి సంవత్సరం పదో తరగతి. పదో తరగతికి నాటకం లేదు, ఆటలు లేవు, చివరికి డ్రాయింగ్ పీరియడ్ కూడా లెక్కల వాళ్లకే ఇచ్చేశారు. మా చోట్లో ఎనిమిది, తొమ్మిది వాళ్లు వచ్చారు. స్టడీ అవర్లో కూర్చుని పక్క గదిలోంచి వాళ్ల చదివింపు వింటుంటే ఒళ్లు మండిపోయేది. ఒక రోజు మాత్రం సార్ పిలిచి, కొత్త నాటికలో ఒక మూల కూర్చుని బట్టలు మడతపెట్టే పాత్ర ఉంది, ఆ పిల్లకు పెదవులు ఆడుతున్నాయి, వచ్చి చూడమన్నారు. వెళ్లి చూశాను. ఆ పిల్లకు వచ్చినన్ని డైలాగులు కూతురి వేషం అమ్మాయికి కూడా రావు. వాళ్లింట్లో బట్టలు ఎవరు మడతపెడతారని అడిగాను.

నాటిక రోజు రాత్రి సంగతి చెప్పలేదు కదా. మా నాయనమ్మను నాన్న బండి మీద తీసుకొచ్చి రెండో వరుసలో కూర్చోబెట్టాడు. ఇంటికొచ్చాక నేను మొహానికి కొబ్బరినూనె రాసుకుంటూ ఆమె పక్కన చేరాను. ఎలా ఉందని అడగలేదు, ఆమే చెబుతుందని చూస్తున్నాను. నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, గోరు కింద ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి చూసింది.

"చెయ్యి బానే నడిచింది. తాలు మాత్రం మంచి కాయల్లో కలిపేశావు" అంది. "ఏ షావుకారూ కూలివ్వడు."